పేడ ఎరువుతో పొలానికి చేరే ప్లాస్టిక్

కడప జిల్లాలో పాడి ఉన్న రైతుకు పాలు ఒక ఆదాయమైతే పేడ ఎరువు రెండవది. సేంద్రియ పదార్థం తక్కువగా ఉండే ఇక్కడి ఎర్రనేలలకు ఈ ఎరువే ఆధారం. అయితే దానితోపాటు కుళ్ళని పదార్థం ఒకటి నేలలోకి పోతున్నది. దిబ్బ ఎత్తేటప్పుడు పారకు చిక్కే కవర్ ముక్కలు, దాణా సంచి పోగులు అందరూ చూసేవే. వాటిని ఏరవచ్చు. చిక్కంతా కంటికి ఆననివాటితోనే.

ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి, గుంటక దెబ్బకు ముక్కలవుతుంది. అయిదు మిల్లీమీటర్ల కంటె చిన్న ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటారు. ఇవి మట్టిలో కలిసిపోవు, ఇంకా చిన్నవవుతూ పోతాయి. సన్నని ప్లాస్టిక్ పోగులు నేల గుల్లదనాన్ని, నీరు నిలుపుకొనే గుణాన్ని మారుస్తాయని ప్రయోగాల్లో తేలింది. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించిన ప్రయోగంలో, వానపాముల మేతలో పాలిథీన్ పొడి మోతాదు బాగా పెంచినప్పుడు వాటి ఎదుగుదల తగ్గింది, చావులు పెరిగాయి. అంత మోతాదు మామూలు పొలాల్లో ఉండదు గనుక భయపడి ఎరువు మానవలసిన పని లేదు. కాని ఒకసారి నేలలో చేరినదాన్ని తిరిగి తీయలేము.

పశువు పొట్టలోకి ప్లాస్టిక్ చేరడం మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వారు 2010లో వీధి పశువులను చేరదీసినప్పుడు వాటి పెద్దపొట్టలో కిలోలకొద్దీ ప్లాస్టిక్ బయటపడింది. 2012లో ఆ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పెద్ద కవర్లు పొట్టలోనే ఉండిపోతాయి, చిన్న ముక్కలు పేడతో బయటికి వస్తాయి. స్పెయిన్‌లో మర్సియా మనవలె వాన తక్కువైన ప్రాంతం. అక్కడ మల్చింగ్ షీటు వేసి కూరగాయలు పండించే పొలాల్లో మేసిన గొర్రెల పెంటికలను పరీక్షించగా, నూటికి 92 నమూనాల్లో మైక్రోప్లాస్టిక్ ఉన్నట్లు 2021లో ప్రకటించారు. పుచ్చ, కర్బూజ, టమాటా కోతలయ్యాక ఆ చేలలో పశువులను వదలడం, గొర్రెల మంద కట్టించడం మన వైపు కూడా ఉన్నదే.

కనుక షీటును పంట తీసిన వెంటనే, పశువులను వదలకముందే, గుంటక తోలకముందే చుట్టి తీయవలెను. గట్టున తగులబెట్టరాదు. మరీ పలుచని షీటు చేతికి రాదు, పీలికలై నేలలో నిలిచిపోతుంది. చైనా ఈ కారణం చేతనే 2017లో కనీస మందాన్ని 0.008 నుండి 0.010 మిల్లీమీటరుకు పెంచింది. ఖరీదు కొంత ఎక్కువైనా మందపు షీటు కొనడమే మేలు.

దాణా సంచి కుట్టుదారం తెంచి అక్కడే పడేయకుండా కొట్టంలో ఒక డబ్బా పెట్టుకోండి. ఖాళీ సంచులను పశువుల కింద పరచవద్దు, గడ్డివామి మీద కప్పవద్దు. ఎండకు అవి పోగులు పోగులుగా రాలితే పశువు గడ్డితోపాటు తింటుంది. ఇంటి ఊడ్పుచెత్తలో కవర్లు, షాంపూ ప్యాకెట్లు ఏరిన తరువాతనే దిబ్బలో వేయవలెను. ఈ పనులు చాలావరకు ఇంటి ఆడవారి చేతుల మీదనే నడుస్తాయి. సంఘ సమావేశంలో మగవారికి మాత్రమే చెప్పి ఊరుకుంటే ప్రయోజనం తక్కువ.

మన పాల ప్యాకెట్టు కూడా ప్లాస్టిక్కే, ఆ మాట దాచడం బాగుండదు. మూల కత్తిరించి పారేసే ఆ చిన్న ముక్కను ఏరేవారుండరు. మూల పూర్తిగా తెగిపోకుండా ప్యాకెట్టుకే అంటి ఉండేటట్లు కోయమని, పాలు అమ్మే చోట కొనేవారికి చెబుతూ ఉండవలసిందిగా సంఘ కార్యదర్శులను కోరుతున్నాము.