ముగింపు లేని గ్రంథము

తల్లిదండ్రుల పోలికలు బిడ్డలకు వచ్చుట లోకమున సహజము. కన్నుల రంగు, జుట్టు తీరు మొదలగు లక్షణములను తరతరములకు అందించునవి జన్యువులు. జన్యువునందు కలుగు చిన్న మార్పు వలన ఒక్కొక్కప్పుడు రోగములును సంతానమునకు సంక్రమించును. అట్టి రోగములు వేలకొలది కలవు. వానిలో పెక్కు మిక్కిలి అరుదైనవి. ఒక వైద్యుడు తన జీవితకాలమున అట్టి రోగిని ఒక్కనినైనను చూడకపోవచ్చును. మరి చూచిననాడు ఆ రోగమును గుర్తించుట ఎట్లు? ఈ చిక్కును తీర్చుటకు పూనుకొన్న మహనీయుడు విక్టర్ మెకూసిక్.

ఆయన 1921వ సంవత్సరమున అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున ఒక పాడిరైతు ఇంట, కవలలలో నొకడుగా జన్మించెను. పదునైదేండ్ల వయసున చంకలో లేచిన వ్రణము వలన చాల కాలము ఆసుపత్రిలో నుండవలసి వచ్చెను. అచ్చటనే ఆయనకు వైద్యవిద్యపై మక్కువ కలిగెను. పిమ్మట బాల్టిమోరు నగరమునందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున చదివి, హృద్రోగ వైద్యుడయ్యెను.

అక్కడ ఆయన మార్ఫాన్ వ్యాధిగ్రస్తులను పరిశీలించెను. వారిలో పెక్కురు పొడగరులు. వారి వ్రేళ్లు సన్నగా, పొడవుగా నుండును. కొందరికి కంటి కటకము స్థానము తప్పును. గుండె నుండి బయలుదేరు పెద్ద రక్తనాళము ఉబ్బి, తుదకు చిట్లి, ప్రాణమునే హరింపవచ్చును. కంటికిని, ఎముకకును, గుండెకును గల సంబంధమేమి? అవయవములను పట్టి నిలుపు ధాతువునందలి ఒకే లోపము దీనికి కారణమని మెకూసిక్ ఊహించెను.

ఇట్టి రోగముల వృత్తాంతములు అనేక పత్రికలలో చెల్లాచెదరై యుండెను. మెకూసిక్ వానిని సేకరించి, కంప్యూటరు సహాయమున క్రమపరచి, 1966లో ‘మెండీలియన్ ఇన్‌హెరిటెన్స్ ఇన్ మ్యాన్’ అను గ్రంథమును ప్రకటించెను. అందు సుమారు 1,500 అంశములు కలవు. కాని నూతన విషయములు నిత్యము వెలువడుచుండుటచే గ్రంథము అచ్చయిన కొలది కాలమునకే పాతబడుచుండెను. 1998 నాటికి పండ్రెండు ముద్రణలు వెలువడినవి. ఈలోపల 1987లోనే ఆ గ్రంథము కంప్యూటరు తంతుల ద్వారా దూరమున నున్నవారికిని అందుబాటులోనికి వచ్చెను. దానినే ‘ఓమిమ్’ అందురు.

ఇందు ప్రతి అంశమునకు ఆరంకెల సంఖ్య యుండును. మార్ఫాన్ వ్యాధి సంఖ్య 154700. 1991లో ఆ వ్యాధికి మూలమైన జన్యువును పరిశోధకులు పదునైదవ క్రోమోజోముపై కనుగొనిరి. మెకూసిక్ ఊహ నిజమయ్యెను. ఆ జన్యువునకు వేరొక సంఖ్య ఏర్పడి, రెండు అంశములును ఒకదానితో నొకటి ముడివడినవి. నేడు వ్యాధిని ముందుగా గుర్తించినచో, మందులచేతను శస్త్రచికిత్సచేతను రక్తనాళము చిట్లకుండ కాపాడవచ్చును.

ఓమిమ్‌ను నిర్వహించుట సులభకార్యము కాదు. నిపుణులు కొత్త పరిశోధన వ్యాసములను చదివి, సత్యాసత్యములను తూచి, సారమును వ్రాసి, ఏ వ్యాసమునుండి గ్రహించినదియు తెలుపుదురు. రెండనుకొన్న రోగములు ఒక్కటేయని తేలినచో వానిని కలుపుదురు. అట్లు కలిసిపోయిన పాత సంఖ్యను మరియొక రోగమునకు ఇయ్యరు. అది కొత్త సంఖ్యకు దారి చూపుచుండును. జన్యువునకును రోగమునకును గల సంబంధము ఇంకను దృఢపడనిచో రోగనామమునకు ముందు ప్రశ్నార్థక చిహ్నము నుంచుదురు. ఈ చిన్న గుర్తు విలువ చాల గొప్పది. సందేహమును నిశ్చయముగా వ్రాసినచో వైద్యుడు పొరబడును. ఒక కుటుంబము వృథాగా బాధపడును.

మెకూసిక్ 2008లో కీర్తిశేషుడయ్యెను. ఆయన ఆరంభించిన కార్యము మాత్రము అదే విశ్వవిద్యాలయమున సాగుచునే యున్నది. నేడు అంశముల సంఖ్య 25,000 దాటినది. వానిని చదువుటకు రుసుము లేదు. తెలిసినదానిని పదిలపరచుట, తప్పును దిద్దుట, సందేహమును దాచకుండుట — ఈ మూడును ఎరిగినవారి చేతిలోనే విజ్ఞానము లోకమునకు ఉపకరించును.