పరదేశపు బాటలపై వేగము



మన యానాము 1954వ సంవత్సరము వరకు ఫ్రెంచివారి పాలనలో నుండినది. ఆ సంబంధము వలన ఇచటి కొన్ని కుటుంబములవారికి నేటికిని ఫ్రాన్సుదేశమున బంధువులు కలరు. సెలవులలో అచటికి పోయి, కారు అద్దెకు తీసికొని ఊళ్లు చూడగోరువారికి మన రవాణా కార్యాలయమువారిచ్చు అంతర్జాతీయ అనుమతిపత్రము ఒక సంవత్సరము చెల్లును. కాని ఆ పత్రము చేతనున్నంత మాత్రమున బాట తెలిసినట్లు కాదు. అచట వాహనములు కుడిప్రక్కన నడచును. వేగమునకు వేఱు కట్టుబాట్లు కలవు. మీలో కొందరు రేపు ఆ కారులో పెద్దల ప్రక్కన కూర్చుండవచ్చును. కొంతకాలమునకు మీరే నడుపవచ్చును. కావున ఆ కట్టుబాట్లను, వానికి గల కారణమును ఈ పాఠమున తెలిసికొందము.

ఫలకముల భాష

ఎఱ్ఱని అంచుగల గుండ్రని తెల్లఫలకముపై నున్న అంకె, గంటకు ఎన్ని కిలోమీటర్లు మించరాదో తెలుపును. దీనికి ఫ్రెంచిభాష రానక్కఱలేదు. కాని అంకె లేకయే వేగమును నిర్ణయించు ఫలకము మరియొకటి కలదు. అది ఊరిపేరు వ్రాసిన ఫలకము. ఎఱ్ఱని అంచుతో ఊరిపేరు కనబడిన చోటినుండి పరిమితి 50 కిలోమీటర్లు. ఊరు దాటినచోట అదే పేరుపై ఎఱ్ఱగీత అడ్డముగా గీయబడి యుండును. అంతటితో ఆ పరిమితి తీరును. క్రొత్తవాడు దీనిని ఊరి గుర్తుగా మాత్రమే చూచి, పూర్వపు వేగముతోనే వీధులలో ప్రవేశించును. పొరపాటు అచటనే కలుగుచున్నది.

ఆటోరూటులనబడు పెద్దబాటలపై సాధారణ పరిమితి 130 కిలోమీటర్లు. వాన కురియునప్పుడు 110. పొగమంచు క్రమ్మి 50 మీటర్లకు మించి చూపు ఆననప్పుడు ఏ బాటపైనైనను 50 మాత్రమే. నడుమ విభజన లేని ఊరివెలుపలి బాటలపై 2018 జూలై 1వ తేదీనుండి 90కి బదులు 80 నిర్ణయించిరి. పిమ్మట కొన్ని జిల్లాలవారు కొన్ని బాటలపై మరల 90 నిలిపిరి. పారిస్ నగరపు వీధులలో అధికభాగమున 2021 ఆగస్టు 30వ తేదీనుండి 30 మాత్రమే. ఇట్లు మారుచుండుటచే, పాత పుస్తకమును గాని, ఫోనులోని పటమును గాని పూర్తిగా నమ్మరాదు. బాటప్రక్కనున్న ఫలకమే ప్రమాణము.

ముప్పదికిని ఏబదికిని గల భేదము

ముప్పదికిని ఏబదికిని ఇరువదియే గదా భేదమని మీకు తోచవచ్చును. లెక్కించి చూడుడు. అడ్డము వచ్చినదానిని చూచి కాలు బ్రేకుపై మోపుటకు సుమారు ఒక సెకను పట్టును. 30 కిలోమీటర్ల వేగమున ఆ సెకనులో కారు 8 మీటర్లు పోవును. పొడిబాటపై మంచి బ్రేకులు పట్టిన పిమ్మట ఇంకొక 5 మీటర్లకు నిలుచును. మొత్తము 13 మీటర్లు. 50 కిలోమీటర్ల వేగమున మొదటి సెకనులోనే 14 మీటర్లు పోవును. బ్రేకు పట్టిన పిమ్మట మరియొక 14 మీటర్లు. మొత్తము 28 మీటర్లు.

ఇప్పుడు 14 మీటర్ల దూరమున ఒక బాలుడు బంతివెంట వీధిలోనికి పరుగెత్తెననుకొందము. మొదటి కారు అతని ముందు నిలుచును. రెండవ కారు, బ్రేకు ఇంకను పట్టకమునుపే, పూర్తి వేగముతో అతనిని తాకును. ఆ తాకిడి పది మీటర్ల ఎత్తునుండి పడినదానితో సమానము. వేగము పెరిగినకొలది దాని శక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగునని భౌతికశాస్త్రమున మీరు చదివితిరి. ఆ సూత్రమునకు ఫలితమే ఫలకముపై నున్న అంకె. ఆ బాలుడు ఏ భాష మాట్లాడినను సూత్రము మారదు.

కెమెరాలు పనిచేయు విధము

ఫ్రాన్సున 2003వ సంవత్సరపు చివరినుండి, మనిషి ప్రక్కన లేకయే పనిచేయు కెమెరాలను బాటలపై నాటిరి. వానిలో పెక్కు రాడారు కిరణములతో పనిచేయును. హారను మ్రోగించుచు మనను దాటిపోవు బస్సు ధ్వని, దగ్గఱకు వచ్చునప్పుడు హెచ్చుస్థాయిలోను, దూరమగునప్పుడు తగ్గుస్థాయిలోను వినబడును గదా! 1842లో డాప్లరు అను శాస్త్రజ్ఞుడు వివరించిన ఈ ధర్మముననుసరించియే, కారుకు తగిలి మరలివచ్చు కిరణములలోని మార్పును బట్టి యంత్రము వేగమును కనుగొనును.

మరియొక విధమైన కెమెరాలు జంటగా నుండును. మొదటిది కారుసంఖ్యను, కాలమును గుర్తించును. కొన్ని కిలోమీటర్ల అవతల రెండవది మరల గుర్తించును. దూరమును కాలముచే భాగించినచో సగటు వేగము వచ్చును. కెమెరా కనబడినచోట మాత్రమే నెమ్మదించువాని యుక్తి వీనియెదుట సాగదు. కెమెరాలను పసిగట్టు పరికరములను కారులో నుంచుకొనుట అచట నేరము.

యంత్రమున దోషముండవచ్చునని, నాటిన కెమెరాల విషయమున, 100 కిలోమీటర్ల లోపు 5 కిలోమీటర్లను, అంతకు పైన నూటికి 5 వంతున తగ్గించి లెక్కింతురు. 50 కిలోమీటర్ల వీధిలో ఇరువదికి లోపుగా మించినను జరిమానా 135 యూరోలు. త్వరగా చెల్లించినచో 90, జాగు చేసినచో 375. కారు అద్దెకిచ్చినవారు నడిపినవాని పేరును అధికారులకు తెలుపుదురు. తమ శ్రమకు వేఱుగా సొమ్ము తీసికొనువారును కలరు. సెలవులు ముగిసి ఇల్లు చేరిన పిమ్మట ఉత్తరము రావచ్చును.

నేర్వవలసిన నీతి

1972లో ఫ్రాన్సుదేశపు బాటలపై 16 వేలకు మించినవారు మరణించిరి. సీటుబెల్టు, వేగపరిమితులు, మద్యము త్రాగి నడుపుటపై శిక్షలు, పిమ్మట కెమెరాలు, ఇవి ఒకదానికొకటి తోడై, రాకపోకలు ఎంతో పెరిగినను ఇటీవల ఏటి మరణములు 3,200 ప్రాంతమునకు తగ్గినవి. వేగముచే లభించు లాభమో? 100 కిలోమీటర్ల దూరమును 130 వేగమున 46 నిమిషములలోను, 150 వేగమున 40 నిమిషములలోను పోవచ్చును. మిగులునది ఆఱు నిమిషములు.

ఉపాధ్యాయుడు వచ్చినప్పుడు మాత్రమే నిశ్శబ్దముగా నుండు తరగతి, క్రమశిక్షణ గల తరగతి యనిపించుకొనదు. కెమెరాకు వెఱచి మాత్రమే నెమ్మదించువాడును అట్టివాడే. కెమెరా జరిగిపోయినదానిని చూపును. ఫలకము జరుగబోవుదానిని ముందుగా చెప్పును. కావున పరదేశమున కారెక్కినవాడు కెమెరాలెచటనున్నవో వెదకుట మాని, ఫలకములను చదువవలెను. ప్రక్కన కూర్చున్న మీరు ఊరిపేరు కనబడగానే, “మామయ్యా, ఏబది” యని వినయముగా గుర్తు చేయుడు. తెలియని ఊరివారి బిడ్డలను కాపాడుటకు ఆ రెండు మాటలు చాలును.

ప్రశ్నలు

1. అంకె లేకున్నను వేగమును నిర్ణయించు ఫలకమేది? దాని పరిమితి ఎచట తీరును?

2. రెండు కెమెరాల నడుమ దూరము 10 కిలోమీటర్లు. ఒక కారు దానిని 4 నిమిషములలో దాటినది. సగటు వేగమెంత? 130 పరిమితిని మించినదా?

3. మన బడిముందరి బాటపై ఎంత వేగము తగునని మీ యభిప్రాయము? కారణములతో వ్రాయుడు.