పందెపు కారు తొలి అడుగు – చక్రమునకు పట్టు ఎట్లు కలుగును?

విద్యార్థులారా! నిలిచియున్న బస్సు ఒక్కసారిగా కదలినపుడు మనమందరము వెనుకకు తూలుదుము. ఇందుకు జడత్వము కారణమని తరగతిలో చదివితిమి. మనతోపాటు బస్సు కూడ ఒకింత వెనుకకు ఒరగును. ఈ సంగతిని సాధారణముగా గమనింపము. డ్రాగ్ పందెములలో గెలుపోటములు పెక్కుమారులు ఈ స్వల్పవిషయముపైననే ఆధారపడియుండును.

రెండు కార్లు ప్రక్కప్రక్కన నిలిచి, దీపపు సూచన కాగానే బయలుదేరి, తిన్నని బాటపై ముందుగా గమ్యము చేర యత్నించుటయే డ్రాగ్ పందెము. బాట పొడవు సాధారణముగా పావు మైలు, అనగా 1320 అడుగులు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలోని కాలిఫోర్నియా యువకులు అనేకులు వీధులలోనే ఇట్టి పందెములు వేయుచుండిరి. 1950లో అచ్చటి శాంటా ఆనా విమానాశ్రయపు రన్‌వేపై క్రమబద్ధమైన పందెములు మొదలయ్యెను. 1951లో వాలీ పార్క్స్ జాతీయ హాట్ రాడ్ సంఘమును స్థాపించెను. పందెమును వీధినుండి తప్పించి, నియమములుగల బాటకు చేర్చుట ఆ సంఘపు ముఖ్యోద్దేశములలో ఒకటి.

ఘర్షణయే ఆధారము

ఇంజను ఎంత బలమైనదైనను, కారును ముందుకు నెట్టునది టైరునకును నేలకును నడుమనున్న ఘర్షణయే. చక్రముపై పడు భారమును ఘర్షణ గుణకముచే గుణించినచో ఈ ఘర్షణకు గల అవధి తెలియును. ఇంజను బలము ఆ అవధిని దాటినచో చక్రము నిలిచినచోటనే గిరగిర తిరుగును. జారునపుడు ఘర్షణ మరింత తగ్గును గనుక, పొగయే తప్ప ముందడుగు అంతగా ఉండదు.

ఒక లెక్క చూతము. కారు బరువు 1500 కిలోగ్రాములు. నిలిచియున్నపుడు ముందు ఇరుసుపై 750, వెనుక ఇరుసుపై 750. ఇరుసుల మధ్య దూరము 2.5 మీటర్లు; గరిమనాభి నేలనుండి 0.5 మీటరు ఎత్తున కలదు. గురుత్వ త్వరణములో సగము త్వరణముతో కారు బయలుదేరవలెను. ఇందుకు 750 కిలోగ్రాముల భారమునకు సమానమైన బలము కావలెను.

ఘర్షణ గుణకము 0.9 అనుకొందము. వెనుక ఇరుసుపై 750 మాత్రమే ఉన్నచో లభించు బలము 675, అది చాలదు. కాని కారు కదలినపుడు కొంత భారము వెనుకకు మరలును. ఆ భారము 1500 × ½ × 0.5 ÷ 2.5 = 150. ఇపుడు వెనుక ఇరుసుపై 900. లభించు బలము 810. ఇది చాలును. ముందు చక్రములచే నడచు కారునకో, వానిపై మిగులునది 600 మాత్రమే, బలము 540. అందువలననే ఈ పందెమునకు వెనుక చక్రములచే నడచు కార్లు అనుకూలములు.

స్ప్రింగుల పని ఏమి?

స్ప్రింగులను మెత్తన చేసినచో అధికభారము వెనుకకు పోవునని పలువురు తలంతురు. ఇది సరికాదు. పై లెక్కలో స్ప్రింగు ప్రసక్తియే లేదు. మరలు భారమును నిర్ణయించునవి త్వరణము, గరిమనాభి ఎత్తు, ఇరుసుల దూరము. కారు ముక్కు లేచుటవలన గరిమనాభి ఎత్తు మారినను ఆ భేదము స్వల్పము. ఆ భారము ఎంత వేగముగా, ఎంత నిలుకడగా చక్రములను చేరవలెనో నిర్ణయించుటయే స్ప్రింగులకును షాక్ అబ్సార్బర్లకును గల పని. తొలిక్షణమున భారము నింపాదిగా చేరినచో పట్టు చిక్కకముందే చక్రము జారును. చేరి మరల ఎగిరినచో చిక్కిన పట్టు వదలిపోవును.

కావున పందెగాండ్రు ముందుభాగపు షాక్ అబ్సార్బర్లను సులభముగా సాగునట్లును, కష్టముగా అణగునట్లును అమర్తురు. అందుచే ముక్కు త్వరగా లేచి, వెంటనే క్రిందికి పడక నిలుచును. వెనుక షాక్ అబ్సార్బర్లను గట్టిగా ఉంచి ఊగిసలాటను అణతురు. పిమ్మట వెనుక టైర్లలోని గాలిని, టైరు తయారీదారు తెల్పిన మేరలోనే, సవరింతురు. ఒకమారు ఒక్క మార్పు మాత్రమే చేసి, మొదటి 60 అడుగులు దాటుటకు పట్టిన కాలమును వ్రాసికొందురు. అనేక మార్పులు కలిపి చేసినచో ఏది మేలు చేసినదో తెలియదు. ప్రయోగశాలలో మీరు పాటించు నియమమే ఇదియును.

2017లో అమెరికాలో ప్రకటింపబడిన డాడ్జ్ ఛాలెంజర్ డీమన్ ఇందుకు మంచి ఉదాహరణము. అదే జాతి హెల్‌క్యాట్ కారుతో పోల్చగా, దీని ముందు స్ప్రింగుల బిగువును 35 శాతము, వెనుకవాని బిగువును 28 శాతము తగ్గించిరి. బయలుదేరునపుడు దీని ముందు చక్రములు నేలను విడిచి లేచెను.

ఒక హెచ్చరిక

ముక్కు లేచునపుడు ముందు చక్రములపై భారము తగ్గును. స్టీరింగు మాట వినదు. ఇట్లు మెత్తన చేసిన కారు మలుపులలో అధికముగా ఒరగును, బ్రేకు వేయగా ముందుకు వంగును. పందెపు బాటపై గుణమైనది బజారులో దోషమగును. చెన్నపట్టణమునకు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుండి మోటారు పందెపు బాట కలదు. ఇట్టి విద్యకు తగిన చోటు అట్టిదే. బాలురు నడచు వీధి కాదు. తల్లిదండ్రులు ఈ భేదమును పిల్లలకు బోధింతురుగాక!

అభ్యాసము

1. పై లెక్కలో టైరు చల్లబడి ఘర్షణ గుణకము 0.8కి తగ్గినచో చక్రము జారునా?
2. ఇరుసుల మధ్య దూరము 3 మీటర్లయినచో వెనుకకు మరలు భారమెంత?