నురగ దుప్పటి

పొయ్యిలో కట్టెల మీద చెంబెడు నీళ్లు చల్లితే మంట ఆరిపోతుంది. గడ్డివాము అంటుకుంటే బిందెలతో నీళ్లు పోస్తాం. మరి పెట్రోలు అంటుకుంటే? నీళ్లు పోయవచ్చా?

పోయకూడదు. ఎందుకో చూద్దాం.

ఒక గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కల నూనె వేయండి. నూనె పైకి తేలుతుంది. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు కూడా అంతే. మండే పెట్రోలు మీద నీళ్లు పోస్తే అవి అడుక్కి పోతాయి. పెట్రోలు పైన తేలుతూ మండుతూనే ఉంటుంది. నీళ్లు పారిన చోటికల్లా మంట పాకుతుంది.

నురగ ఏం చేస్తుంది?

నురగ పెట్రోలు కన్నా తేలిక. అందుకే మునగదు. దుప్పటిలాగా పైన పరుచుకుంటుంది. మంటకు గాలి అందనివ్వదు. నురగలోని నీరు వేడిని తగ్గిస్తుంది. పెట్రోలు ఆవిరిని పైకి లేవనివ్వదు.

నిజానికి మండేది ఆవిరే. 2009 అక్టోబరు 29న రాజస్థాన్‌లోని జైపూర్‌లో ఒక చమురు డిపోలో పెట్రోలు కారింది. దాని ఆవిరి మబ్బులా కమ్మింది. అంటుకొని పేలింది. పదిమందికి పైగా చనిపోయారు. పది రోజులైనా మంటలు పూర్తిగా ఆరలేదు.

నురగ ఎలా తయారవుతుంది?

నురగనిచ్చే చిక్కటి మందు డబ్బాల్లో వస్తుంది. ఒక రకం మందును 97 లీటర్ల నీళ్లకు 3 లీటర్లు కలుపుతారు. దానికి గాలి చేర్చి గొట్టంతో చిమ్ముతారు. అదే నురగ. ఫోం అని కూడా అంటారు.

ఈ మందు పాడవుతుంది. ఎండకు పాడవుతుంది. నీళ్లు, మురికి చేరితే పాడవుతుంది. ఒక రకంలో ఇంకో రకం కలిపినా పాడవుతుంది. డబ్బా నిండుగా ఉంది కదా అని నమ్మకూడదు. ఏడాదికోసారైనా పరీక్ష చేయించాలి.

పరీక్ష ఎలా చేస్తారు?

దీనికి ఒక తక్కెడ, ఒక గడియారం, అడుగున కుళాయి ఉన్న పాత్ర కావాలి. తెలిసిన సిబ్బంది ఈ పరీక్ష చేస్తారు.

మొదటిది: ఎంత ఉబ్బింది? ఒక లీటరు పట్టే ఖాళీ పాత్రను తూచారు. 200 గ్రాములు ఉంది. నురగ నింపి తూచారు. 325 గ్రాములు ఉంది. అంటే నురగ బరువు 125 గ్రాములు. 125 గ్రాముల నీరు ఒక లీటరు నురగ అయింది. 1000ని 125తో భాగిస్తే 8. అంటే 8 రెట్లు ఉబ్బింది. ఉబ్బకపోతే నురగ చాలదు. మరీ ఉబ్బితే గాలికి ఎగిరిపోతుంది.

రెండోది: ఎంతసేపు నిలిచింది? నురగలోంచి నీరు మెల్లగా అడుక్కి దిగుతుంది. కుళాయి తిప్పి ఆ నీటిని పడతారు. పావు వంతు నీరు, అంటే సుమారు 31 గ్రాములు, దిగడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. మందు చేసిన కంపెనీ ఇచ్చిన కాగితంలో ఈ లెక్కలు ఉంటాయి. వాటితో పోలుస్తారు. నీరు చాలా తొందరగా దిగిపోతే మందు పాడయిందేమో అని అనుమానించాలి.

ఎందుకింత శ్రద్ధ?

పాడైన నురగతో కూడా ఒక్కోసారి మంట ఆరినట్టే కనిపిస్తుంది. ఆరిందనుకొని మనుషులు దగ్గరకు వెళ్తారు. ఇంతలో దుప్పటికి చిరుగు పడుతుంది. ఆవిరి పైకి లేస్తుంది. మళ్లీ భగ్గుమంటుంది. ముందు నిలబడ్డ ఫైరు సిబ్బంది ప్రాణం ఆ నురగ మీదే ఉంది.

మీరు గాని, మీ పిల్లలు గాని పెట్రోలు బంకులోనో, డిపోలోనో పని చేస్తున్నారా? అయితే అడగండి: "మన నురగ మందును చివరిసారి ఎప్పుడు పరీక్షించారు?" అది అడగడం తప్పు కాదు. మన హక్కు.

గుర్తుంచుకోండి

- ట్యాంకరు బోల్తా పడితే డబ్బాలు తీసుకొని పరుగెత్తకండి. బీడీ వెలిగించకండి. దూరం జరగండి. 101కి ఫోను చేయండి.
- కొన్ని నురగ మందుల్లోని రసాయనాలు ఏళ్లు గడిచినా నశించవు. వాడిన నురగ బావిలోకి, చెరువులోకి పారకుండా చూడాలి.

చెప్పండి

1. పెట్రోలు మంట మీద నీళ్లు ఎందుకు పోయకూడదు?
2. ఒక లీటరు నురగ 100 గ్రాములు తూగింది. ఎన్ని రెట్లు ఉబ్బింది?
3. మీ ఊరికి దగ్గరలోని ఫైరు స్టేషను ఎక్కడ ఉంది?