మాట పలకని పిల్లల చదువు



మాట రాని పిల్లవాడున్న ఇంట్లో తరచు రెండు మాటలు వినబడతాయి. "వాడికేం తెలుసు పాపం" అనేది ఒకటి. "బొమ్మలు చూపించడం అలవాటైతే ఇక నోరు తెరవడేమో" అనేది రెండోది. రెండూ తప్పే. 2006లో అమెరికా పరిశోధకులు ఇలాంటి 27 మంది వివరాలు పరిశీలించారు. ఒక్కరికి కూడా ఉన్న మాట తగ్గలేదు. 89 శాతం మందికి కొద్దో గొప్పో పెరిగింది.

బొమ్మల బోర్డు, అక్షరాల పలక, నొక్కితే పలికే యంత్రం, ఇవన్నీ కలిపి ఏఏసీ అంటారు. నేను బ్యాంకులో క్యాష్ కౌంటరులో కూర్చున్నవాణ్ణి. ఖాతాదారు నోరు మెదపకుండా ఓచరు తోసినా డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లం. కాగితం మీది రాతకు ఇచ్చే విలువ పిల్లవాడు వేలుపెట్టి చూపిన బొమ్మకు ఎందుకివ్వకూడదు?

ముంబయికి చెందిన మాలినీ చిబ్‌కు సెరిబ్రల్ పాల్సీ. ఒక్క వేలితో టైపు చేస్తూ లండన్‌లో రెండు పీజీలు చదివారు, పుస్తకాల షాపులో ఉద్యోగం చేశారు, 2010లో 'వన్ లిటిల్ ఫింగర్' అనే ఆత్మకథ ప్రచురించారు.

మొదలు పెట్టడానికి పాత క్యాలెండరు అట్ట చాలు. మన కౌల్ బజార్‌లో ఒక చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కాబట్టి ఒక్కో బొమ్మ కింద రెండు భాషల్లోనూ రాయండి. అన్నం, నీళ్లతో ఆపేయకండి. "వద్దు", "నొప్పి", "అర్థం కాలేదు", "నాకు తెలుసు" తప్పక ఉండాలి. ఈ చివరిది లేని బోర్డుతో తరగతిలో జవాబెలా చెబుతాడు? ఫోను ఉన్నవారికి చెన్నైలో తయారైన అవాజ్ యాప్‌లో తెలుగు, కన్నడ రెండూ దొరుకుతాయి. పరీక్షలు, సలహా కోసం మైసూరులో ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది.

బడివారు కాదంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షను చూపండి. ఇలాంటి సాధనాల వాడకాన్ని ప్రోత్సహించాలని, పరీక్షల్లో రాసిపెట్టే మనిషిని, అదనపు సమయాన్ని ఇవ్వాలని అందులో ఉంది. 2018లో ఇచ్చిన కేంద్ర మార్గదర్శకాల్లో అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలని పెట్టారు. అర్జీ పరీక్షల ముందు కాదు, ఏడాది మొదట్లోనే ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి.

ఇంకొకటి. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. పిల్లవాడి వేలు బొమ్మ దాకా చేరడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఆలోపే మనం జవాబు చెప్పేస్తుంటాం.