విస్తరిలో ఏముంది?

పిల్లలూ! "అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది" అని మన సామెత. ఇది బాక్సింగ్ రింగులో ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

ఒలింపిక్ బాక్సింగ్‌లో మూడు నిమిషాల రౌండ్లు మూడే. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో పెద్ద టైటిల్ పోటీ 12 రౌండ్ల దాకా సాగుతుంది. అక్కడ ఆటగాడి సంపాదన టికెట్ల మీద, టీవీ ప్రసారాల మీద ఆధారపడుతుంది. అందుకే రంగురంగుల దీపాలు, పాటలతో ప్రవేశం, ప్రత్యర్థిని మాటలతో కవ్వించడం మామూలు. అయితే జడ్జీలు వీటికి మార్కులు వేయరు. సూటిగా తగిలిన పంచ్‌లు, కాచుకునే నేర్పు, ఫలితమిచ్చే దూకుడు, రింగుపై అదుపు చూసి రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణంగా 9 పాయింట్లు ఇస్తారు.

బ్రిటన్ బాక్సర్ నసీమ్ హమీద్ తాళ్ళ మీదుగా పిల్లిమొగ్గ వేసి రింగులోకి దిగేవాడు. చేతులు కిందికి దించి ప్రత్యర్థిని వెక్కిరించేవాడు. అతనిలో పస లేకపోలేదు. 35 పోటీల వరకు ఓటమి ఎరుగడు. 2001 ఏప్రిల్ 7న లాస్ వేగాస్‌లో మెక్సికో బాక్సర్ మార్కో ఆంటోనియో బరేరా ఎదురయ్యాడు. బరేరా రెచ్చిపోలేదు. ఓపికగా కాచుకుంటూ, ఎడమచేతి పంచ్‌లు విసురుతూ 12 రౌండ్లు ఆడి గెలిచాడు.

మరి మహమ్మద్ అలీ? ప్రాసలు కట్టి మరీ గొప్పలు చెప్పుకునేవాడు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో, తనకంటే చిన్నవాడైన జార్జ్ ఫోర్‌మన్ పంచ్‌లను తాళ్ళకు ఆనుకుని కాచుకున్నాడు. అతడు అలసిపోయాక ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. అంటే, నిండు విస్తరి కూడా ఎగరగలదు!

ఆ అలీ 1980లో మన ఢిల్లీకి వచ్చి కౌర్ సింగ్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. అదే ఢిల్లీలో, త్యాగరాజ్ స్టేడియంలో, 2016 జూలై 16న భివానీకి చెందిన విజేందర్ సింగ్ కెర్రీ హోప్‌తో తలపడ్డాడు. అంతకుముందు ఆరు పోటీలనూ నాకౌట్‌తో ముగించిన విజేందర్‌కు ఈసారి నాకౌట్ దక్కలేదు. తొలిసారి పది రౌండ్లు నిలబడి, పాయింట్లపై గెలిచాడు. చప్పట్లు తెచ్చేది నాకౌటే అయినా, అతని పస బయటపడింది ఆ పదో రౌండులోనే.

బదిలీల మీద ఊళ్ళు తిరిగిన మాకు ఇది తరగతుల్లోనూ కనిపిస్తుంది. కొత్త బడిలో మొదటివారం గట్టిగా మాట్లాడేవాడే అందరి కంట్లో పడతాడు. మూడు భాషల మధ్య తడుముకునే పిల్ల ఏం నేర్చుకుందో తెలియడానికి నెలలు పడుతుంది. మాట్లాడనివారిలో పస లేదనుకోకూడదు. మాట్లాడేవారంతా డొల్ల అనుకోకూడదు. ప్రాజెక్టుకు మెరుపు కాగితం అంటించండి, తప్పులేదు. లోపల రాసినదాన్ని పుస్తకం మూసి చెప్పగలగాలి, అంతే.

ఆలోచించి రాయండి:
1. పై సామెత అలీకి వర్తిస్తుందా? ఎందుకు?
2. 'పస', 'డొల్ల' పదాలతో సొంతవాక్యాలు రాయండి.
3. మీ తరగతిలో ఎక్కువగా మాట్లాడని ఒకరి నేర్పు గురించి ఐదు వాక్యాలు రాయండి.