బొమ్మలకు రంగులేసి సంపాదించటం ధర్మసమ్మతమేనా?

మనిషి తన చేతులతో కష్టపడి తినే తిండిని ఇస్లాం ఎంతో గౌరవించింది. ఎవరూ తమ చేతి కష్టంతో సంపాదించిన దానికన్నా మేలైన ఆహారం తినలేదని, దైవప్రవక్త దావూద్ (అలై) కూడా తన చేతిపనితోనే జీవించేవారని అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తెలిపినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తపరచాడని, కవచాల కడియాలను సరైన కొలతతో అమర్చమని ఆదేశించాడని దివ్య ఖుర్ఆన్ సబా సూరా తెలుపుతోంది. అంటే పనితనం కూడా ఆరాధనలో భాగం కాగలదు. అయితే ఒక షరతు ఉంది. చేసే పని హలాల్‌ది అయి ఉండాలి.

ఇటీవల ఒక తల్లి ఈ విషయమై ప్రశ్న అడిగారు. ఆమె కుమారుడు బ్రిటన్‌లో స్థిరపడ్డాడు. పగలు ఒక దుకాణంలో ఉద్యోగం చేస్తూ, రాత్రిపూట ఆటబొమ్మలకు రంగులు వేసి కొంత సంపాదిస్తున్నాడు. ఇప్పుడు అరవై సైనికుల బొమ్మలకు ఆర్డరు తీసుకుని, సగం సొమ్ము బయానాగా పుచ్చుకున్నాడు. “వాడు పంపే డబ్బుతోనే వాళ్ళ నాన్నగారికి మందులు కొంటున్నాము. ఇది హలాలేనా?” అన్నది ఆ తల్లి ఆందోళన.

ఆ పని ఏమిటి?

తీర్పు చెప్పే ముందు పని స్వరూపం తెలుసుకోవాలి. బల్లమీద సైన్యాలను నిలిపి, పాచికలు వేసి, కొలతబద్దతో దూరం కొలుస్తూ ఆడే యుద్ధపు ఆటలు ఇంగ్లండులో చాలాకాలంగా ఉన్నాయి. ప్రసిద్ధ రచయిత హెచ్.జి. వెల్స్ 1913లోనే ఇలాంటి ఆటకు నియమాలతో పుస్తకం రాశారు. 1975లో మొదలై, నాటింగ్‌హామ్ కేంద్రంగా నడుస్తున్న గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1983లో తెచ్చిన ‘వార్‌హామర్’ ఆట ఇప్పుడు అనేక దేశాలలో ఆడుతున్నారు.

ఈ బొమ్మలు సుమారు అంగుళం ఎత్తుంటాయి. ప్లాస్టిక్, రెజిన్ లేదా లోహంతో చేసినవి. సాధారణంగా రంగులేకుండా, విడి భాగాలుగా వస్తాయి. వాటిని అతికించి, ప్రైమర్ పూసి, అసలు రంగు వేసి, మడతలలో పలచని ముదురు రంగు పారించి, అంచులకు లేతరంగు అద్ది, సన్నని కుంచెతో కళ్ళు, ముఖం తీర్చిదిద్దుతారు. తీరిక, నేర్పు లేనివారు ఈ పనిని ఇతరులకు అప్పగించి, బొమ్మకు ఇంత అని మజూరీ ఇస్తారు. పని కష్టమైనదే, ఓపికతో కూడినదే. ప్రశ్నంతా బొమ్మ దేని రూపం అన్నదే.

ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చిన వ్యక్తి

సరిగ్గా ఇలాంటి మనిషే ఒకరు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) వద్దకు వచ్చారు. తన జీవనోపాధి అంతా చేతిపనిమీదే ఆధారపడి ఉందని, తాను ఈ చిత్రరూపాలు చేస్తుంటానని చెప్పుకున్నారు. ముస్లిం గ్రంథంలోని ఉల్లేఖనం ప్రకారం, ఇబ్నె అబ్బాస్ (రజి) ఆయనను దగ్గరకు, ఇంకా దగ్గరకు రమ్మని పిలిచి, తలపై చేయి ఉంచారు. రూపాలు చేసేవారికి పరలోకంలో ఉన్న శిక్ష గురించి తాను దైవప్రవక్త (సఅసం) నోట విన్నది వినిపించారు. అలాంటివారిని తాము చేసిన దానిలో ప్రాణం పోయమంటారని, వారు ఎన్నటికీ పోయలేరని బుఖారీ ఉల్లేఖనంలో ఉంది. అది విని ఆ వ్యక్తి ముఖం పాలిపోయింది. అప్పుడు ఇబ్నె అబ్బాస్ (రజి), ఈ పని తప్పదనుకుంటే చెట్లను, ప్రాణంలేని వస్తువులను చేసుకోమని దారి చూపారు.

ఈ సంఘటనలో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, పొట్టకూటి కోసమన్న కారణం చేత నిషిద్ధమైనది ధర్మసమ్మతం కాదు. రెండు, అడిగిన వాని తలపై చేయి వేసి మాట్లాడాలి. ఒక తలుపు మూసేటప్పుడు తెరిచి ఉన్న తలుపు చూపాలి.

“చేసింది వేరొకరు కదా?”

‘బొమ్మను అచ్చుపోసింది కంపెనీ, నేను రంగు మాత్రమే వేస్తున్నాను’ అని ఆ యువకుడు అనవచ్చు. జిబ్రీల్ (అలై) ఇంటిలో ఉన్న ప్రతిమ తల తీసివేయించమని, అప్పుడది చెట్టులాంటిది అవుతుందని చెప్పినట్లు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. దీనినిబట్టి ప్రాణి రూపానికి తలే ఆధారమని ధర్మవేత్తలు గ్రహించారు. కన్ను, ముఖం దిద్ది ఆ రూపాన్ని పూర్తి చేసేది రంగులు వేసేవాని కుంచే. కాబట్టి ఆ పనిలో అతనికి భాగం లేదనటం కష్టం.

హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారు కదా అని మరొకరు అడగవచ్చు. నిజమే. వాటిలో గుడ్డ రెక్కల గుర్రం కూడా ఉండేది. సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలు లేవా అని ఆమె అంటే దైవప్రవక్త (సఅసం) హాయిగా నవ్వారు. పిల్లల ఆటబొమ్మల అమ్మకం అనుమతించదగినదన్న అభిప్రాయం ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) నుండి కూడా ఉల్లేఖించబడింది. దీని ఆధారంగా ఆటవస్తువుల విషయంలో సడలింపు ఇచ్చే పండితులు నేడూ ఉన్నారు. కానీ అది పిల్లల కోసం ఇచ్చిన వెసులుబాటు. పెద్దలు అద్దాల బీరువాలో అలంకరించుకునే, కనుపాపతో సహా తీర్చిదిద్దిన ప్రతిమలకు దానిని విస్తరించటం జాగ్రత్తకు విరుద్ధం. సులైమాన్ (అలై) కాలంలో ప్రతిమలు ఉండేవన్నది వెనుకటి షరీఅత్ విషయమని వ్యాఖ్యాతలు చెప్పారు.

ఇక ఈ ఆటలలో వచ్చే దయ్యాల, కల్పిత దేవతల, అశ్లీల రూపాల విషయంలో వెసులుబాటుకు తావే లేదు. అలాగే ఆటగాళ్ళందరి నుండి సొమ్ము పోగుచేసి గెలిచినవారికి ఇచ్చే పందెం జూదమే.

తెరిచి ఉన్న తలుపు

ఇదే ఆటలకు శిథిల భవనాలు, కోటగోడలు, వంతెనలు, చెట్లు, రాళ్ళు, ట్యాంకులు, ఓడలు, విమానాలు కూడా కావాలి. వీటికి రంగులు వేయించుకునేవారూ ఉన్నారు. తుప్పుపట్టిన ఇనుము, నాచుపట్టిన గోడ, బురద అంటిన చక్రం చూపించటానికి తక్కువ నేర్పు సరిపోదు. ఆ కుంచె, ఆ రంగులు, ఆ చేయి అలాగే ఉంటాయి. రూపం మాత్రం మారుతుంది. పద్నాలుగు శతాబ్దాల క్రితం ఇబ్నె అబ్బాస్ (రజి) చూపిన దారి ఇదే.

అయితే హలాల్ పని కూడా మోసం కలిస్తే చెడిపోతుంది. ధర, గడువు, ఎంతవరకు పని చేస్తారన్నది ముందే స్పష్టంగా రాసుకోవాలి. ఇతరుల పని ఫోటోలు తనవిగా చూపకూడదు. వస్తువు పనివాని చేతిలో అమానతు. అతని చేతి పని వల్ల అది విరిగినా, పాడైనా నష్టపరిహారం అతనిదేనని హనఫీ ఫుఖహా రాశారు. పని చేయించుకున్నవారు కూడా చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ఆదేశం మరువరాదు.

ఆ తల్లికి జవాబు

అమ్మా! మీ అబ్బాయి సంపాదనలో ఎక్కువ భాగం ఉద్యోగపు జీతమే. ఉద్యోగం ధర్మసమ్మతమైనదైతే, అధిక భాగం హలాల్ అయిన సొమ్ము నుండి ఇచ్చినదాన్ని స్వీకరించవచ్చని ఫుఖహా చెప్పారు. కాబట్టి మందుల గురించి మనసు కష్టపెట్టుకోకండి.

మీ అబ్బాయి మాత్రం ఆ అరవై బొమ్మలను, బయానా సొమ్మును యజమానికి మర్యాదగా తిరిగి ఇచ్చివేయాలి. కారణం దాచకుండా చెప్పాలి. కావాలంటే ఆయన కోటగోడలకు, చెట్లకు రంగులు వేసిపెడతానని అడగవచ్చు. తెలియక చేసిన పనికి తౌబా చేసుకోవాలి. ఆ సంపాదనలో చేతిలో మిగిలి ఉన్నదేదైనా ఉంటే, జాగ్రత్త కోసం పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చివేయటం శ్రేయస్కరం. రాబడి కొంతకాలం తగ్గవచ్చు. కానీ తనకు భయపడేవానికి అల్లాహ్ దారి చూపుతాడని, అతను ఊహించని చోటు నుండి ఉపాధి ఇస్తాడని తలాఖ్ సూరాలో వాగ్దానం ఉంది.

మన పిల్లలలో బొమ్మలు వేసే నేర్పు ఉన్నవారు ఎందరో ఉన్నారు. వారిని గద్దించి కుంచె లాక్కోకండి. ఆకులు, పూలు, కట్టడాలు, అందమైన అక్షరాలు వారి ముందు పెట్టండి. అల్లాహ్ మనందరికీ హలాల్ ఉపాధిని, అందులో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.